అక్క గెలిచిన పొగగొట్టం

మొక్కలమ్మకి మనుషుల కంటే మొక్కల మీదే నమ్మకం ఎక్కువని అందరూ అనేవాళ్ళు. శుద్ధ అబద్ధం. మొక్కల్ని ఆవిడ రోజూ అనుమానించేది. ఆకు తిప్పి చూసేది, మొదలు కదిపి చూసేది, మట్టిలో వేలు దూర్చి చూసేది. వెనకా ముందూ చూడకుండా నమ్మింది ఈ లోకంలో ఒక్కర్నే, వాళ్ళక్కని. ఆ నమ్మకం ఏ గంగలో కలిసిందో చెప్పడానికే ఈ కథ. చెప్పేటప్పుడు మధ్యమధ్యలో నాకు కోపం వస్తుంది, ఏమీ అనుకోకండి.

నర్సరీ నగరం అంచున, బస్సుల డిపో గోడ వెనకాల ఉంది. అద్దె స్థలం. ఆకుపచ్చ వల నీడన నల్ల సంచుల్లో వరసలు వరసలుగా నారు, పగిలిన బకెట్లలో గులాబీలు, ఎవరో పారేసిన స్నానాల తొట్టిలో కలువలు. ఉండటానికి ఒక గది, ముందు వరండా, ఒక కుళాయి, దానికో పొడుగాటి రబ్బరు గొట్టం. ఎవరైనా పెళ్ళి మాట ఎత్తితే "నేను అత్తారింటికి పోతే వీటికి నీళ్ళెవరు పోస్తారు, మీరు పోస్తారా?" అని అడిగేది. వాళ్ళు మొహమాటపడి ఓ మొక్క కొనుక్కుని పోయేవాళ్ళు. అలా అడిగినవాళ్ళందరికీ మొక్కలు అంటగడుతూనే నలభైల్లో పడింది.

అక్క ఆవిడకంటే బాగా పెద్ద. అమ్మ పోయాక జడలు వేసింది, సైకిలు నేర్పింది, పరీక్ష తప్పితే నాన్న చెవిన పడకుండా కాచుకుంది. నర్సరీ పెడతానంటే చుట్టాలంతా నవ్వారు. అక్క మాత్రం కుట్టు మిషను మీంచి తలెత్తకుండా, "పెట్టు, ఏమవుతుంది. ఎండిపోతే కట్టెలకైనా పనికొస్తాయి" అంది. అక్క దీవెన అలాగే ఉంటుంది. చెల్లెలు ఆ మాట పట్టుకునే మొదటి నారు పోసింది.

అక్క కాపురం నగరానికి అవతలి చివర, రాగి కరిగించే ఫ్యాక్టరీ గోడ పక్క వీధిలో. ఆవిడ ఇంట్లోనే ఆడపిల్లలకి కుట్టుపని నేర్పేది. బావ వీధి మొదట్లో చిన్న కొట్లో తాళాలు బాగుచేసేవాడు. సరదా మనిషి. "మరదలా, ఈ నగరంలో నేను తెరవలేని తాళం లేదు, మీ అక్క బీరువాది తప్ప" అనేవాడు. అంతలో దగ్గు ముంచుకొచ్చేది. ఉబ్బసం మనిషి మరి.

రాగి రాయిలో గంధకం ఉంటుంది. రాయిని కరిగిస్తే రాగి కొలిమిలో మిగులుతుంది, గంధకం గాలిలో కలిసి పొగగొట్టం ఎక్కుతుంది. చదువుకున్నవాళ్ళు దాన్ని సల్ఫర్ డయాక్సైడ్ అంటారు. అక్క వీధివాళ్ళు అగ్గిపుల్ల వాసన అనేవాళ్ళు. అప్పట్లో ఫ్యాక్టరీ పొగగొట్టం పొట్టిది. చలికాలం పొద్దుటిపూట గాలి కదలనప్పుడు, దాంట్లోంచి వచ్చిందంతా వీధిలోనే దిగబడేది. ఆ పూటల్లో బావ మంచం పట్టెమీద రెండు చేతులూ ఊని, ఊపిరి పీల్చడమే ఉద్యోగంగా కూర్చునేవాడు. జోకు మొదలుపెట్టి సగంలో వదిలేసేవాడు. ఆ మిగతా సగం కోసం ఎదురుచూసి అక్క వంటింట్లోకి పోయి ఏడ్చేది.

గాలి కొలిచే ఆఫీసు ఒకటుంది. జనం గాలాఫీసు అంటారు. అక్క వీధి జనాన్ని వెంటేసుకుని ఆ ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది. నగరంలో గాలి బ్రహ్మాండంగా ఉందమ్మా అన్నారు వాళ్ళు. కొలిచే పెట్టె ఎక్కడుందయ్యా అంటే, నగరం నడిబొడ్డున పార్కులో, ఫౌంటెన్ పక్కన. బాగున్న చోట కొలిస్తే బాగుండక చస్తుందా?

అప్పుడు దారి చూపించింది మొక్కలమ్మే. చిక్కుడు మొక్క మహా సుకుమారి, గాలిలో ఆ గంధకం ఉంటే ముందు దాని ఆకే పాడవుతుందని ఆవిడకి తెలుసు. ఒకే గింజ, ఒకే మట్టి. కొన్ని కుండీలు నర్సరీలోనే ఉంచింది, కొన్ని బస్సులో ఒళ్ళో పెట్టుకుని అక్క వీధికి మోసింది. కండక్టరు "వీటికి కూడా టిక్కెట్టు కొట్టనా?" అంటే, "చంటిపిల్లలు, ఫ్రీ" అంది. వారం తిరక్కుండా వీధిలో పెట్టిన చిక్కుడాకుల మీద ఈనెల మధ్యన తెల్లటి మచ్చలు లేచాయి. ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. నర్సరీలో ఉన్నవి నిగనిగలాడుతున్నాయి.

ఆ మచ్చలు చూశాక గాలాఫీసు విచారణ పెట్టక తప్పలేదు. ఆ రోజున అక్క ఆ కుండీలు రెండు జట్లుగా బల్ల మీద పెట్టి మాట్లాడింది. ఎంత బాగా మాట్లాడిందంటే, ఫ్యాక్టరీ తరఫు మనిషి కూడా కళ్ళు దించుకున్నాడు. "ఇది మొక్క, దీనికి అబద్ధం రాదు. మా ఆయన మనిషి, ఆయనకి ఊపిరి రాదు" అంది. హాలంతా చప్పట్లు. మొక్కలమ్మ వెనక వరసలో కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది.

ఫ్యాక్టరీ దిగొచ్చింది. అక్కతో సహా వీధి జనం కట్టుకున్న కమిటీ వాళ్ళని పిలిచి మాట్లాడి, పాత గొట్టం పక్కనే దానికి మూడింతల ఎత్తున కొత్త పొగగొట్టం కట్టింది. మరుసటి చలికాలానికి వీధిలో అగ్గిపుల్ల వాసన పోయింది. బావ మేడ మెట్లు ఆగకుండా ఎక్కి, డాబా మీంచి అందరికీ వినపడేలా ఓ పూర్తి జోకు వేశాడు. ఏమంత గొప్పది కాదు, అయినా వీధి వీధంతా నవ్వింది. గాలాఫీసు వాళ్ళు పెట్టెని పార్కులోంచి తెచ్చి అక్క వీధిలోనే పెట్టారు. అంకెలు తగ్గాయి. అక్క ఫొటో పేపర్లో వేశారు, కమిటీకి అధ్యక్షురాలిని చేశారు. ఆ రోజు బావ మొక్కలమ్మని గేటు దాకా సాగనంపుతూ "నీ రుణం ఈ జన్మలో తీర్చుకోలేను మరదలా" అన్నాడు. కళ్ళు చెమ్మగిల్లి ఉన్నాయి. కుండీలు మోసినందుకు ఇంత మాటెందుకులే బావా అనుకుంది ఆవిడ.

అయిందా. ఇక్కడితో ఆగితే ఎంత బాగుండును.

ఆ పైయేడు నర్సరీలో చిక్కుడాకుల మీద తెల్లమచ్చలు వచ్చాయి. తర్వాత పాలకూర మీద, ఆ తర్వాత జినియాల మీద. మొక్కలమ్మ ఏమనుకుందో తెలుసా? తన తప్పే అనుకుంది. నీళ్ళెక్కువయ్యాయని తగ్గించింది. ఎరువు ఎక్కువైందని మట్టి మార్చింది. తెగులేమోనని మందు కొట్టింది. కొట్టిన మందుకి, మచ్చలకి తట్టుకున్న నారు కూడా మాడిపోయింది. తన చేతులతో అక్క వీధికి మోసి, బల్లమీద పెట్టి, నలుగురికీ చూపించిన మచ్చలే అవి. గుర్తుపట్టలేదు. ఎందుకంటే ఆ పొగని అక్క గెలిచేసింది కదా. అక్క గెలిచిందంటే పొగ లేనట్టే. కళ్ళ ముందు కనిపిస్తున్నా మనసు ఒప్పుకోకపోతే కళ్ళు మాత్రం ఏం చేస్తాయి.

కొనుక్కెళ్ళినవాళ్ళు మొక్కలు తిరిగి తెచ్చి ఇచ్చేవారు. "ఏమ్మా, హస్తవాసి పోయిందా?" అని ఒకాయన అన్నాడు. ఆ మాటకి ఆవిడకి తల కొట్టేసినట్టయింది. నర్సరీ మూసేసి ఎక్కడైనా పనికి కుదురుకోవాలేమో అనే దాకా వచ్చింది.

ఒకరోజు పొద్దెక్కాక గొట్టంతో నీళ్ళు పడుతోంది. ఎండ నేలకి తగిలి మంచు విడిపోయే వేళ. ముక్కుపుటాలు చురుక్కుమన్నాయి. అగ్గిపుల్ల. గొంతు పట్టేసి దగ్గొచ్చింది. దగ్గుతూ ఉండగా చేతిలో గొట్టం పైకి లేచింది, నీళ్ళు కాళ్ళ దగ్గర పడటం మానేసి, నాలుగు మళ్ళు దాటి అవతల పడ్డాయి. ఆవిడ అలాగే నిలబడిపోయింది. గొట్టం ఎత్తితే నీళ్ళు మాయమైపోవు కదా. దూరంగా పడతాయి, అంతే. పొగా అంతేనా? వెళ్ళి చిక్కుడాకు తిప్పి చూసింది. ఈనెల మధ్యన తెలుపు, ఈనెలు పచ్చన.

గాలాఫీసుకి పరిగెత్తింది. కుర్చీలో ఉన్నాయన కంప్యూటరు చూపించాడు. నగరమంతా ఆకుపచ్చగా ఉంది. "మీ వైపు కాలుష్యం లేదమ్మా" అన్నాడు. మా వైపు పెట్టె ఉందా బాబూ అంటే, "లేదు. కాలుష్యం లేని చోట పెట్టెందుకు పెడతాం?" అన్నాడు. పాపం, ఎగతాళికి అనలేదు. నిజంగానే అలా అనుకుంటున్నాడు.

ఆవిడకేం బెంగలేదు. అక్క ఉందిగా. తిన్నగా అక్క ఇంటికే వెళ్ళింది. బావ మంచి రంగొచ్చాడు, ఈల వేసుకుంటూ తాళాలకి నూనె పెడుతున్నాడు. చెల్లెలు సంచిలోంచి తీసిన ఆకు అక్క చూసింది, చూడనట్టే పక్కన పెట్టింది.

"పురుగేమోనే."

"అక్కా, ఇది పురుగా? నువ్వే కదా విచారణలో చెప్పావు, ఇది పొగ పని అని."

"అప్పుడు మా వీధి సంగతి వేరు."

వేరెలా అవుతుందో మొక్కలమ్మకి అర్థం కాలేదు. కానీ అక్కకి తలనొప్పిగా ఉందేమో అనుకుంది. చూశారా, అప్పుడు కూడా.

అంతలో ఇంకో కబురొచ్చింది. ఫ్యాక్టరీ రెండో కొలిమి పెడుతుందట, అనుమతి కోసం మళ్ళీ విచారణట. డిపో చుట్టుపక్కల అదే పొగ పీలుస్తున్న మొక్కలమ్మ పేటవాళ్ళకి ఒకటే కోరిక: పొగని సున్నపు నీళ్ళతో కడిగే యంత్రాలు ఉంటాయి, అలాంటిది ఒకటి బిగించాకే అనుమతి ఇవ్వాలని. రెండు పేటలూ ఒకే మాట మీద నిలబడితే ఫ్యాక్టరీ బిగించక తప్పదు. అధ్యక్షురాలు లేచి, ఈ మచ్చలూ ఆ మచ్చలూ ఒకటే అని ఒక్క ముక్క చెబితే చాలు. కొలిమి రెండోది కూడా మొదలైందా, ఇక నర్సరీ ఉండదు. అక్కకి అదంతా విడమరిచి చెప్పింది మొక్కలమ్మ.

"వచ్చి చెప్తావు కదూ?"

"చెప్తాను."

"అలా నేల చూపులు చూస్తూ కాదు, నావైపు చూసి చెప్పు."

"చెప్తానన్నాను కదే, నీ మీదొట్టు" అంది అక్క.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనాయట. గింజలు నానబోసుకుని బతికే మనిషికి ఆ సామెత ఇంకొకరు చెప్పాలా. కానీ ఒట్టేసింది సొంత అక్కాయె.

విచారణ రోజున మొక్కలమ్మ కుండీలు బల్లమీద పెట్టింది. చెప్పాల్సింది చెప్పింది. చెప్పి, "మిగతాది మా అక్క చెబుతుంది" అని కూర్చుంది. అక్క లేచింది. ఇస్త్రీ చీర, మెడలో కమిటీ బిళ్ళ. అదే గొంతు, అదే హాలు.

"మా వీధిలో గాలి ఇప్పుడు బాగుంది. ఫ్యాక్టరీ మాట నిలబెట్టుకుంది. మా చెల్లెలి మొక్కలకి ఏమైందో నాకు తెలీదు. తను చిన్నప్పటి నుంచీ నీళ్ళు ఎక్కువే పోస్తుంది."

హాల్లో నవ్వారు. పెద్దగా కాదు, మర్యాదగా. ఫ్యాక్టరీ మనిషి కూడా నవ్వాడు. అనుమతి ఇస్తున్నట్టు ఆ సాయంత్రమే చెప్పేశారు, యంత్రం ఊసే లేదు. మొక్కలమ్మ ఒక్కో కుండీ తీసి బుట్టలో పెట్టుకుంది. ఒకటి జారి పగిలింది. అక్క అటు తిరిగి ఎవరితోనో మాట్లాడుతోంది. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళని చాలామందిని చూశాను గానీ, తెప్పని నలుగురి ముందూ నవ్వులపాలు చేసినవాళ్ళని ఇప్పుడే చూస్తున్నాను.

మర్నాడు బావ నర్సరీకొచ్చాడు. ఒక్కడే. వరండాలో స్టూలు మీద కూర్చుని, చేతిలో ఉన్న టోపీని తిప్పుతున్నాడు. జోకు వెయ్యలేదు.

"మరదలా, నిజం చెప్పు. నీకు ముందు నుంచీ తెలీదా?"

"ఏం తెలీదా బావా?"

"పొగ ఇక్కడ దిగుతుందని. కొత్త గొట్టం కట్టే ముందే ఫ్యాక్టరీవాళ్ళు చెప్పారు కదా. బల్లమీద నగరం పటం పరిచారు. గాలి ఇటు వీస్తుంది, ఇక్కడ దిగుతుంది అని వేలు పెట్టి చూపించారు. వేలు మీ డిపో మీదే ఆగింది. మీ అక్క అంది, అక్కడ మా చెల్లెలుంది అని. అక్కడికొచ్చేసరికి పల్చబడుతుందిలెండి అన్నారు. ఆలోచించుకుని చెప్తానని వచ్చేసింది. రెండ్రోజులాగి సరేనంది. మధ్యలో నీతో మాట్లాడిందనే అనుకున్నాను. మీరిద్దరూ కలిసే ఒప్పుకున్నారనుకున్నాను. నాకోసం నువ్వు ఒప్పుకున్నావని ఇన్నాళ్ళూ నీకు మనసులో దణ్ణం పెట్టుకుంటూ బతికాను."

ఆ రోజు గేటు దగ్గర రుణం అన్నది కుండీలు మోసినందుకు కాదన్నమాట.

"నిన్న నీ మొహం చూశాకే తెలిసింది" అన్నాడు బావ. లేచి, వల నీడలో మచ్చలు పడ్డ వరసల మధ్య నడిచి, దగ్గుకుంటూ బయటికెళ్ళాడు.

ఆ తర్వాత వచ్చింది అక్క. రాదనుకున్నారా? వచ్చింది. గేటు దగ్గర చెప్పులు విడిచి, చిన్నప్పుడు పరీక్ష తప్పి చెల్లెలు నిలబడ్డట్టే గుమ్మంలో నిలబడింది. మొక్కలమ్మ నారు సంచుల్లో మట్టి నింపుతోంది, ఆపలేదు.

"ఏమైనా అనవే" అంది అక్క.

"నీళ్ళెక్కువ పోస్తానా నేను?"

అక్క కూలబడింది. "ఆ యంత్రం బిగించాలంటే కొన్ని నెలలు పెద్ద గొట్టం ఆపేసి, పొగని మళ్ళీ పాత గొట్టంలోంచే వదలాలట. ఫ్యాక్టరీవాళ్ళు ముందే నా చెవిన వేశారు. ఆ నెలలు మా వీధి మళ్ళీ అంతే. మీ బావ తట్టుకోలేడు. నువ్వు చూశావు కదా, ఎలా కూర్చునేవాడో. నేనింకేం చెయ్యను? మొగుణ్ణి చంపుకోనా?" అంది.

మొక్కలమ్మ చేతిలో మట్టి చేతిలోనే ఉండిపోయింది.

"పొగ పాత గొట్టంలోంచి వస్తే ఎక్కడ దిగుతుంది అక్కా?"

"మా వీధిలో."

"ఇక్కడ?"

అక్క తలెత్తి పైన ఆకుపచ్చ వల వైపు చూసింది.

"ఇక్కడ దిగదు కదా. ఆ నెలలు ఇక్కడ గాలి బాగుంటుంది కదా. బావ ఈ గదిలో పడుకునేవాడు. నువ్వు కూడా. నేను వరండాలో వేసుకునేదాన్ని. యంత్రం బిగించాక మీ ఇంటికి మీరు వెళ్ళేవాళ్ళు. మీకూ పొగ ఉండేది కాదు, నాకూ ఉండేది కాదు."

అక్క మొహంలో రంగు మారింది. ఇంత చిన్న సంగతి. ఎవరైనా చెప్పగలిగేదే. ఒక గది ఉన్న చెల్లెలు ఎవరికైనా ఉంటుంది.

"నాకు తోచలేదే" అంది.

"ఎలా తోస్తుంది? నన్ను అడిగితే కదా. మొదటిసారి పటం చూపించినప్పుడు అడిగినా కాదనేదాన్నా? బావ ఊపిరి కోసం పొగ నా నెత్తిన దించుకోమంటే దించుకునేదాన్ని. నువ్వడిగితే నేనేనాడు కాదన్నాను? అడగకుండా తీసుకున్నావు. తీసుకున్నది చాలక, నలుగురిలో నన్ను పని రానిదాన్ని చేశావు. పొగ కాదక్కా, నువ్వు." అంతవరకే అనగలిగింది. దగ్గొచ్చింది. అక్క అలవాటుగా వీపు నిమరబోయింది. మొక్కలమ్మ పక్కకి జరిగింది.

అక్క చాలాసేపు కూర్చుంది. ఏడ్చింది కూడా. ఏడుపు అబద్ధం కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. ఎండ వరండాలోంచి తప్పుకున్నాక లేచి, కొంగుతో మొహం తుడుచుకుని, చెప్పులు వేసుకుంది.

"వెళ్ళొస్తానే" అంది.

ఆ ఇద్దరి మధ్యా పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ ఆ మాటకి ఒకటే జవాబు, వెళ్ళిరా అని. మొక్కలమ్మ తలెత్తి అక్కవైపు తిన్నగా చూసింది.

"వెళ్ళు" అంది.